ఫ్రోసో పెట్టె

మా ఊళ్లో పొద్దుగూకాక వర్వారా చర్చి వెనక్కి ఎవరూ వెళ్లరు.

అక్కడ ఎముకల గది ఉంది. రాతి గోడలు, ఒక్కటే తలుపు, కిటికీ లేదు. మా కొండ మీద నేల తక్కువ. చచ్చినవాళ్లకి మట్టిలో మూడేళ్లే చోటు. ఆ తర్వాత తవ్వి తీసి, ఎముకల్ని వైన్‌తో కడిగి, రేకు పెట్టెలో సర్ది, పైన ఫొటో అంటించి ఆ గదిలో వరసలుగా పెడతాం. నాలుగు వందల పెట్టెలున్నాయి. రాత్రిళ్లు అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని పేరు. ఏథెన్సులో చదివొచ్చిన మా డాక్టరు దెయ్యాలు లేవని కాఫీ కొట్లో గంటలకొద్దీ వాదిస్తాడు — చీకటి పడితే మాత్రం పై వీధి చుట్టు తిరిగి ఇంటికెళ్తాడు.

ఆ గదిలో రాత్రిపూట ఒక్కత్తీ ఉండి వచ్చిన మనిషి నాకు తెలుసు. మా పక్కింటి అర్గిరో. అది చెప్పిందే చెబుతున్నాను. నా సొంతం ఒక్క ముక్క లేదు... ఉంటే ఒకటో రెండో.

అర్గిరో రాగి పాత్రలు చేసే స్తమాతిస్‌కి రెండో పెళ్లాం. మొదటావిడ ఫ్రోసో జ్వరమొచ్చి పోయింది. రెండేళ్లకి ఇది కాపురానికొచ్చింది. ఇంకో ఏడాదికి ఫ్రోసోని తవ్వి తీసే రోజొచ్చింది. ఎముకలు కడగాల్సింది ఆ ఇంటి ఆడవాళ్లు. ఆ ఇంట్లో ఆడదంటే ఇదే కదా! సాయానికి నేనెళ్లాను.

ఎముకలు తేనె రంగులో వచ్చాయి. అలా వస్తే పోయిన మనిషి పుణ్యాత్మురాలని మా నమ్మకం. ముసలమ్మలందరూ ఆహా ఓహో అన్నారు. అర్గిరో పుర్రె కడుగుతూ నా చెవిలో గొణిగింది.

"చూశావా కనెల్లా అక్కా, మాయదారి పళ్లు! చచ్చాక కూడా ఒక్కటి ఊడలేదు."

"నోర్ముయ్యి... వింటుంది."

"విననీ."

అప్పుడు స్తమాతిస్ ముందుకొచ్చి, పుర్రెని రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. మా ఆచారమే అది, అందరూ పెడతారు. కానీ అర్గిరో మొహం మాడిపోయింది. "నా నుదుటి మీద ఎప్పుడూ పెట్టలేదక్కా" అంది. ఇంటికొచ్చే దారంతా అదే పాట.

ఇక శనివారాలు మొదలయ్యాయి. ప్రతి శనివారం సాయంత్రం స్తమాతిస్ నూనె సీసా పట్టుకెళ్లి, ఫ్రోసో పెట్టె ముందు దీపం వెలిగించి, గంటసేపు ఏవో కబుర్లు చెప్పి వచ్చేవాడు. ఇంట్లో మాత్రం "ఉప్పు అందుకో" తప్ప మాట లేదు.

అర్గిరో లోపల్లోపల కుళ్లిపోయింది. బతికున్న సవతైతే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చొచ్చు. ఎముకలతో ఏం పోట్లాడుతుంది? నిజం చెప్పొద్దూ, ఫ్రోసో మీద నాకూ కుళ్లే. నేను పోతే మా ఆయన దీపం పెట్టడం అలా ఉంచి, ఎవరైనా పెట్టిన దీపం ఆర్పి నూనె ఇంటికి తెచ్చుకునే రకం.

ఒక శుక్రవారం స్తమాతిస్, సారా కాచే బాన తెల్లారేసరికి పూర్తి చెయ్యాలి, కొట్లోనే పడుకుంటానన్నాడు. అర్గిరోకి కావలసిందీ అదే. కొవ్వొత్తి శాలువా కింద దాచుకుని, ఊరు మాటుమణిగాక బయల్దేరింది.

దాని ఎత్తు ఏమిటంటే — ఫ్రోసో పెట్టెని అడుగు వరసలో చీకటి మూలకి తోసెయ్యడం, దాని చోట గంటలు కొట్టే కోస్మాస్ తాత పెట్టె పెట్టడం. కోస్మాస్ బతికినన్నాళ్లూ తాగి పడి ఉండేవాడు. 'రేపొచ్చి ఆ ముసలాడి మొహం చూసి వలపు కబుర్లు చెప్పుకోనీ' అనుకుంది.

తలుపు తీసింది. లోపల చల్లగా ఉంది. కొవ్వొత్తి వెలుగులో నాలుగు వందల మొహాలు... అన్నీ దాన్నే చూస్తున్నాయి.

ఫ్రోసో పెట్టె తీసి చంకలో పెట్టుకుంది. కోస్మాస్ తాతని ఆ చోట్లోకి జరిపింది. ఇక వంగి మూలకి తొయ్యాలి —

బయట అడుగుల చప్పుడు.

కొవ్వొత్తి ఊదేసింది. పెట్టెని గుండెకి అదుముకుని గోడకి అతుక్కుపోయింది. తలుపు కిర్రుమంది. ఎవరో లోపలికొచ్చారు... చీకట్లో తడుముకుంటూ... దాని ముందే ఆగారు.

"ఫ్రోసో..."

స్తమాతిస్ గొంతు!

"దీపం వెలిగించనులే. వెలిగిస్తే నీ ఫొటో కనపడుతుంది... నీ మొహం చూస్తూ ఇది చెప్పలేను."

రేకు మీద అరచెయ్యి ఆన్చిన చప్పుడు. కోస్మాస్ తాత పెట్టె మీద!

"ఇక శనివారాలు రాను. నేనిక్కడికొచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల రొట్టె ముట్టకుండా పడుకుంటోంది. అటు తిరిగి పడుకున్న దాని వీపు చూస్తుంటే గుండె పట్టేస్తోంది. అదంటే నాకు ఇష్టం ఫ్రోసో. నీకన్నా ఎక్కువా తక్కువా అని అడక్కు... నాతో అబద్ధమాడించకు."

రేకు మీంచి చెయ్యి తీసిన చప్పుడు. ఆ తర్వాత "వెళ్తున్నా" అన్నాడు. ఎప్పుడూ "వెళ్లొస్తా" అనేవాడట.

తలుపు మూసుకుంది. అడుగులు దూరమయ్యాయి.

అర్గిరోకి ఒళ్లంతా పొంగిపోయింది. నవ్వు కూడా వచ్చింది — అంత మాటా తాగుబోతు తాతకి చెప్పి వెళ్లాడు పిచ్చి మొగుడు! చేతుల్లో ఉన్న పెట్టె మీదకి వంగి గుసగుసగా అంది.

"విన్నావా? నన్నే... నన్నే ఇష్టమన్నాడు."

చేతులు వణుకుతున్నాయి. సంతోషానికే అనుకుంది. కొవ్వొత్తి వెలిగించడానికి పెట్టె కింద పెట్టింది.

వణుకు ఆగలేదు.

చేతులు కాదు... పెట్టె. రేకు రాతి మీద సన్నగా టకటకటక కొట్టుకుంటోంది. భూకంపమైతే పెట్టెలన్నీ కదలాలి. కదులుతున్నది ఆ ఒక్కటే.

"ఏడుపు బయటికి రాకుండా దిగమింగుకునే మనిషి మంచం మీద పడుకుంటే, మంచం వణకదూ... అలా ఉందక్కా" అంది అర్గిరో నాతో. "ఆ వణుకు నాకు తెలీదా? శనివారం శనివారం నా మంచం వణికింది అలాగే."

నేను మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నాను.

"పారిపోయి రాకపోయావటే!"

"తలుపు దాకా వెళ్లాను. మళ్లీ వెనక్కొచ్చాను. మూత మీద చెయ్యి వేశాను."

"వేసి?"

"'ఊరుకో ఫ్రోసో, రేపు శనివారమే కదా, ఆయన్ని తన్నైనా పంపిస్తాను' అన్నాను."

దాని గొంతు బాగా తగ్గిపోయింది.

"అన్నాక... ఆగిందక్కా."