మేడ మీద ఎర్రనీళ్ళు

"ఈ చోటు ఎన్నుకున్న మహానుభావుడెవరు?" అంది జ్యోతిర్మయి, మేడమెట్లు ఎక్కిన ఆయాసం ఇంకా తీరకముందే.

"ఆ మహానుభావుణ్ణి నేనే మేడమ్," అన్నాడు సుమంత్. "దండం తర్వాత పెడుదురుగాని. ముందు కాస్త మంచినీళ్ళు తాగండి."

"మంచివో కావో చూడ్డానికే గదా నన్ను పిలిచారు?"

వాళ్ళిద్దరి పరిచయం ఇలా మర్యాదగా మొదలైంది.

కూర్మన్నపాలెంలో ఆ మేడ గురునాథరావుగారిది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్టీల్ ప్లాంటులో కొలిమి ముందు చెమటలు కక్కిన మనిషి. అలాంటివాడు రిటైరయ్యాక చల్లగా ఉండే వస్తువేదైనా కొనుక్కోవాలి. ఆయన హాట్ టబ్ కొన్నాడు. లోపల కూర్చోవడానికి మెట్లూ, నీళ్ళు కాచే యంత్రమూ, నాలుగువైపుల నుంచి ఒంటి మీదికి నీళ్ళు చిమ్మే గొట్టాలూ ఉన్న పెద్ద తొట్టె అది. ఓడలో వచ్చింది. వీధిలోవాళ్ళు దాన్ని చూసి కొత్తరకం వాటర్ ట్యాంకు అనుకున్నారు. అసలు సంగతి తెలిశాక, ట్యాంకు అయితేనే బాగుండేదనుకున్నారు.

అమ్మిన హైదరాబాదు కంపెనీకి విశాఖపట్నంలో ఇదే మొదటి బేరం. టబ్బుకు చోటు తయారుచేసి, నీళ్ళు నింపి, అప్పగించే బాధ్యత సుమంత్‌ది. అతనిది దువ్వాడ. మేనేజరు ఫోనులో ఒకటే మాట చెప్పాడు. శ్రావణ శుక్రవారం నాటికి టబ్బును సవ్యంగా అప్పగిస్తే విశాఖలో కంపెనీకి ఆఫీసు ఉంటుంది, అందులో సుమంత్ ఉంటాడు. లేకపోతే రెండూ ఉండవు. సుమంత్ హైదరాబాదు రైలెక్కాలి. ఆ రైలు దువ్వాడలో ఆగుతుందన్నదొక్కటే అందులో అతనికున్న సౌకర్యం.

అందుకని శ్రద్ధగానే పనిచేశాడు. నీళ్ళు నిండాక ఆ బరువు స్తంభాల మీద పడేటట్టు కాంక్రీటు దిమ్మె పోయించాడు. లెవెల్ చూశాడు. కరెంటు లైను విడిగా లాగించాడు. టబ్బు మేడమెట్ల మలుపులో పట్టదన్న సంగతి మాత్రం, అది గుమ్మం ముందు దిగాక తెలిసింది. అదృష్టం బాగుంది. ఈ ఊళ్ళో పెళ్ళి సంబంధం దొరకడం కష్టంగాని, క్రేను దొరకడం కష్టం కాదు. టబ్బు వీధివాళ్ళందరికీ కనపడుతూ, గాల్లో ఊగుతూ మేడ ఎక్కింది. కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది గనక, టబ్బు నింపడానికని పక్కనే ఒక సిమెంటు ట్యాంకు కూడా కట్టించాడు.

ఇక నీళ్ళు బాగున్నాయని ఎవరో ఒకరు చెప్పాలి. అందుకు గాజువాకలోని లేబరేటరీ నుంచి జ్యోతిర్మయి వచ్చింది. కెమిస్ట్రీ చదివింది. తండ్రికి పడవ ఉంది, తల్లి నూకాలు చేపలమ్ముతుంది. తల్లి నుంచి నోరూ, తండ్రి నుంచి నీళ్ళంటే అనుమానమూ వచ్చాయి.

"పైన కొబ్బరిచెట్టు, ఈ పక్క నుంచి ప్లాంటు దుమ్ము. అంత మేడలో మీకు ఇదే దొరికిందా?" అంది.

"నాకు కొబ్బరిచెట్లంటే ఇష్టమండి."

"సోటు సెప్పింది ఆడు కాదు పాపా, నాను." గురునాథరావు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "మా ఇంటిది పాపాయమ్మ పొద్దోయేల అక్కడే కూకునీది. మోకాళ్ళు నొప్పులు దానికి. రోజూ ఏణ్ణీళ్ళు మొయ్యలేక ఇది తెప్పించినాను. ఓడ వచ్చీసరికి మడిసి లేదు."

జ్యోతిర్మయి మళ్ళీ చోటు మాట ఎత్తలేదు. ఇంకొకరి నిర్ణయాన్ని తన నెత్తిన వేసుకున్న సుమంత్ వైపు మాత్రం ఒకసారి చూసింది. ఆ చూపులో పొగడ్త ఏమీ లేదు. అయినా సుమంత్ దాన్ని ఎందుకైనా మంచిదని దాచుకున్నాడు.

ఆమె రంగులు మారే కాగితం ముక్క ఒకటి తీసి సిమెంటు ట్యాంకులో ముంచింది. గురునాథరావు తల్లి గురువమ్మ టీ పట్టుకొచ్చి, వంగి చూసింది.

"ఏటి పాపా, కాయితం పడవేస్తన్నావా? మునిగిపోనాదేటి?"

"పడవ కాదు మామ్మా, టెస్టు."

"పాసయినాదా మరి?"

జవాబు చెప్పేలోగా వాన వచ్చింది. కూర్మన్నపాలెం వాన ముందు చెప్పి రాదు. ముసలామె, కొడుకూ కిందికి వెళ్ళారు. జ్యోతిర్మయి సంచీ సర్దుకునేసరికి జోరెక్కింది. మెట్ల దాకా పరుగెత్తే వ్యవధి లేక సుమంత్ టబ్బు మూత ఎత్తాడు. అది మంచమంత ఉంటుంది. రెండో కొస పట్టుకోక జ్యోతిర్మయికి తప్పలేదు. అంత ఖరీదైన గొడుగు కింద ఆ వీధిలో అంతవరకూ ఎవరూ నిలబడలేదు.

"ఈ ట్యాంకు నీళ్ళు పనికిరావు," అంది.

"వానలో నిలబడి కూడా నీళ్ళ మాటేనా మేడమ్?"

"కొత్త సిమెంటు. సున్నం దిగుతోంది. ఇందులో కూర్చుంటే పెద్దాయన ఒళ్ళు మండిపోద్ది. నింపడం, పారబొయ్యడం, మళ్ళీ నింపడం. అలా చాలాసార్లు కడగాలి."

"శుక్రవారం ముహూర్తమండి."

"సిమెంటుకి పంచాంగం తెలీదు."

"చూడ్డానికి తేటగానే ఉన్నాయి గదా?"

"మీరూ చూడ్డానికి తేటగానే ఉన్నారు. పసుపేసి చూస్తే పారాణి అయిపోద్ది."

"నేనా, నీళ్ళా?"

ఆమె కొంచెం ఆలోచించింది. "ముందు నీళ్ళు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు, కాని మూతను కాస్త అతనివైపు జరిపింది. అతని భుజం తడుస్తోందని ఆమె గమనించినట్టు అతను గమనించాడు. ఇద్దరూ ఇంకేదో గమనించేలోగా కింది నుంచి గురువమ్మ కేక వేసింది.

"వాన ఎలిసిపోయి సేనా సేపయ్యింది. ఆ మూత దించుతారా, దానికి గుంజలు పాతించమంతారా?"

వెళ్ళేటప్పుడు జ్యోతిర్మయి మళ్ళీ చెప్పింది. "కడగకుండా నింపొద్దు."

"నేను చూసుకుంటానండి," అన్నాడు సుమంత్. చూసుకుందామనే అనుకున్నాడు. ఒకసారి నింపి పారబోశాడు కూడా. ఆ తర్వాత కొళాయి రాలేదు, మేనేజరు ఫోను మాత్రం వచ్చింది. మళ్ళీ కొళాయి వచ్చేసరికి గురువారం. సుమంత్ నీళ్ళ వంక చూశాడు. తేటగా ఉన్నాయి. టబ్బులోకి వదిలేశాడు.

"నీల్లు బాగున్నాయేటి?" అని గురునాథరావు అడిగాడు.

"టెస్టు చేసిన మేడమ్ ఓకే అన్నారు సార్."

అబద్ధం ఆడేటప్పుడు మనిషి తన పేరు కంటే నమ్మకమైన పేరే వాడుకుంటాడు.

శుక్రవారం టబ్బుకు బంతిపూల దండ కట్టారు. గురునాథరావు భుజాన కొత్త తువ్వాలు వేసుకుని, లుంగీ పైకి ఎగగట్టి సిద్ధంగా ఉన్నాడు. చివరి టెస్టుకని వచ్చిన జ్యోతిర్మయి సంచీ కింద పెట్టిందో లేదో, ఆయన అన్నాడు.

"బేగి ఓకే సెప్పినావంట పాపా. మా మంచి పని సేసినావు."

జ్యోతిర్మయి సుమంత్ వైపు చూసింది. సుమంత్ కొబ్బరిచెట్టు వైపు చూశాడు. ఆ చెట్టులో అంతసేపు చూడదగిందేమీ లేదు.

"ట్యాంకు ఎన్నిసార్లు కడిగారు?" అంది మెల్లిగా.

"కడిగామండి."

"ఎన్నిసార్లు?"

అతను మళ్ళీ చెట్టునే ఆశ్రయించాడు. ఆమె సంచీ విప్పబోతుంటే గురువమ్మ వచ్చి ఆమె చేతిలో గిన్నె పెట్టింది. గిన్నె నిండా పసుపు.

"ముందు ఇదెయ్యి తల్లీ. కోడలుంటే కోడలే ఎయ్యును. బొట్టు లేనిదాన్ని, నాను ఎయ్యకూడదు. కన్నెపిల్లవి, నువ్వెయ్యి. ఆనక ఆడు దిగుతాడు."

జ్యోతిర్మయి గిన్నె వంకా, నీళ్ళ వంకా చూసింది. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ మేడ మీద తెలిసినవాళ్ళు ఇద్దరే. వెయ్యడానికి ఆమెకు క్షణం చాలు.

"సుమంత్ గారూ," అంది. "వెయ్యమంటారా?"

వానలో విన్న మాట సుమంత్‌కు గుర్తొచ్చింది. వెంటనే ఒక చక్కటి దారి కూడా తోచింది. పసుపు వేస్తే ఫిల్టరు పూడిపోతుంది, వద్దండి అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. పసుపు ఆగిపోతుంది, టబ్బు అప్పగించడం అయిపోతుంది, ఆఫీసు ఉంటుంది.

"పసుపేస్తే ఫిల్టరు..." అని మొదలుపెట్టాడు.

ఆమె వింటోంది. కోపంగా కాదు. పరీక్ష హాల్లో, తెలిసిన పిల్లవాడు జవాబు రాస్తుంటే పక్కన నిలబడి చూసినట్టుంది ఆ చూపు. ఇంతలో గురునాథరావు టబ్బు అంచు మీద కాలు వేశాడు.

"దిగొద్దు సార్!" సుమంత్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నీళ్ళు బాగోలేదు. సున్నం నీళ్ళు. మేడమ్ ఓకే అనలేదు, వద్దనే చెప్పారు. ఓకే అన్నది నేను. ఆవిడ పేరు వాడుకున్నాను."

గురునాథరావు కాలు కిందికి దించాడు.

"కొలిమి కాడ ఇన్నేళ్ళుండి ఒళ్ళు కాలకుండా ఇంటికొచ్చినాను. నా మేడ మీద నన్ను ఉడకబెట్టీద్దారనుకున్నావేట్రా బావూ?" ఆయన గొంతు పెంచలేదు. అందుకే సుమంత్ తల దించుకున్నాడు. "ఎయ్యమ్మా పసుపు. ఏటవుద్దో సూద్దాం."

జ్యోతిర్మయి వేసింది. గొట్టాలు చిమ్మే నీళ్ళలో పసుపు గిరగిరా తిరిగింది, నారింజరంగైంది, ఇంకొక చుట్టు తిరిగేసరికి తొట్టెంతా ఎర్రబడిపోయింది.

గురునాథరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. గురువమ్మ మాత్రం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఓలమ్మో, ఎర్రనీల్లు! పసుపూ సున్నమూ కలిపి పెళ్ళికొడుకుకీ పెళ్ళికూతురికీ గుమ్మంలో దిష్టి తీత్తామే, అవేరా! మేం పళ్ళెంలో కలుపుతాం. ఈ పిల్లలు తొట్టెడు కలిపీసినారు. ఎంత దిష్టి తగిలిపోనాదో ఈల్లకి!"

టబ్బు ముందు పక్కపక్కన నిలబడి ఉన్న సుమంత్, జ్యోతిర్మయి చెరొక అడుగు దూరం జరిగారు. దాంతో ఉన్న అనుమానం కాస్తా స్థిరపడింది.

అప్పుడే మేనేజరు ఫోను మోగింది. సుమంత్ ఎత్తి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల నుంచి రైలు మాట వినపడగానే గురునాథరావు ఫోను లాక్కున్నాడు.

"బావూ, సెడగొట్టినోడు మీ కుర్రోడు. బాగు సెయ్యవలిసినోడూ ఆడే. ఆణ్ణి మీ ఊరు అంపీసినారంటే మీ తొట్టి కూడా అంపీత్తాను. ఎక్కించినట్టే దింపుకొని పొండి. క్రేను మీదే." ఫోను తిరిగి ఇచ్చేస్తూ జ్యోతిర్మయికేసి తిరిగాడు. "పాపా, ఈడు కడగడం, నువ్వు సూడ్డం. నువ్వు ఓకే అన్నాకే నాను కాలెడతాను."

ఆ విధంగా ఒక నేరస్థుడికి శిక్ష పడింది. శిక్ష పడ్డవాడు అంత ఉషారుగా రావడం గురునాథరావుకు కొత్త. కొళాయి వచ్చిన ప్రతిసారీ సుమంత్ ట్యాంకు నింపేవాడు, పారబోసేవాడు, గోడలు తోమేవాడు. జ్యోతిర్మయి వచ్చి కాగితం ముంచేది. గురువమ్మకు కాగితం మీద నమ్మకం లేదు. గ్లాసుడు నీళ్ళలో పసుపేసి తనూ చూసేది. మొదట ఎరుపు. తరువాత ఇటుక రంగు. ఆ తరువాత నారింజ.

సుమంత్‌కు ఆ ఎరుపు తగ్గుతున్నకొద్దీ బెంగ పట్టుకుంది. అలాంటి బెంగే ఇంకొకరికీ ఉందని, ఆమె రావలసిన రోజు కాకపోయినా రావడం చూసి తెలుసుకున్నాడు.

ఒక సాయంత్రం గ్లాసులో పసుపు పసుపుగానే ఉండిపోయింది. ఇద్దరూ దాన్ని చాలాసేపు చూశారు. పని పూర్తయినవాళ్ళు అంత దిగులుగా ఉండడం ఎక్కడా చూడం.

"ఇంకోసారి కడిగితే మంచిదేమో," అన్నాడు సుమంత్.

"నీళ్ళు బాగానే ఉన్నాయి."

"అందుకే అంటున్నాను."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఆ రోజు నన్నెందుకు అడిగారు?" అన్నాడు. "పసుపు వేసేస్తే సరిపోయేది గదా. నా పని అయిపోయేది."

"ఛాన్సిద్దామని."

"ఎందుకు?"

"మీరు నాకు రెండు అబద్ధాలు చూపించారు. చోటు నేనే ఎన్నుకున్నానన్నది ఒకటి. అది నచ్చింది. రెండోది అస్సలు నచ్చలేదు. ఏది మీరో తేల్చుకోవాలి గదా."

"తేలిందా?"

"పైకి తేటగానే ఉన్నారు."

"లోపల?"

"అది ఒక్క టెస్టుతో తేలేది కాదు. రోజూ చూస్తుండాలి."

"రోజూ అంటే... ఎన్నాళ్ళండి?"

"ఇంకా 'అండి' ఏటి?" అంది జ్యోతిర్మయి. అంతవరకూ జాగ్రత్తగా దాచిన వాళ్ళమ్మ యాస ఆ ఒక్క మాటలో బయటపడిపోయింది. ఆమె చప్పున కొబ్బరిచెట్టు వైపు చూసింది. ఈసారి చెట్టులో చూడదగింది ఏదో ఉన్నట్టే సుమంత్‌కూ అనిపించింది.

మర్నాడు టబ్బులో కొత్తనీళ్ళు నింపారు. ఆమె ఓకే అంది. గురునాథరావు దిగి, ఎదుటి మెట్టు ఖాళీగా వదిలి, దానికి ఎదురుగా కూర్చున్నాడు. ఆవిరి ఆయన మొహం మీదుగా పైకి పోతోంది. "ఎలా ఉంది సార్?" అని సుమంత్ అడగబోతుంటే జ్యోతిర్మయి మోచేత్తో పొడిచింది. ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగారు.

తరవాత ఒకనాడు జ్యోతిర్మయి తల్లి నూకాలు పెళ్ళికొడుకును చూడ్డానికి వచ్చింది. బుట్టలో చేపను చూసినట్టు అతన్ని పైనుంచి కిందికి చూసి, "కళ్ళు తేటగానే ఉన్నాయి. పరవానేదు," అంది. అంతకు మించిన సర్టిఫికెట్ ఆమె ఎవరికీ ఇచ్చి ఎరగదు. దువ్వాడలో సుమంత్ ఇంటివాళ్ళు మొదట కొంచెం గొణిగారు. గురునాథరావు వెళ్ళి మాట్లాడాడు. క్రేను మాట మళ్ళీ ఎత్తాడో లేదో తెలియదుగాని, వాళ్ళు ఒప్పుకున్నారు.

పెళ్ళయ్యాక కొత్త దంపతులు ముందుగా ఆ ఇంటికే వచ్చారు. గుమ్మంలో నూకాలు పళ్ళెం పట్టుకుని నిలబడింది. వెనక నుంచి మాట మాత్రం గురువమ్మది.

"ఈపాలి పళ్ళెంతోనే సరిపెట్టినాను. నానే కలిపినాను పాపా. కాయితం ముంచి సూత్తావేటి?"

జ్యోతిర్మయి పళ్ళెంలోకి వంగి చూసింది. ఎర్రగా, నిండుగా ఉన్నాయి.

"అక్కర్లేదు మామ్మా," అంది. "ఓకే."