కడిగిన పూలు

"ఇందులో డోసెంత?" అన్నాడతను, సీసాని వెలుగుకి ఎత్తి పట్టుకుని.

"డోసా? దగ్గొస్తే ఒక చెంచా తినండి. తగ్గితే ఆపండి. నచ్చితే ఆపకండి," అందామె.

మందుల షాపులో క్యూ కట్టినవాళ్లు కిసుక్కున నవ్వారు. ఫార్మసిస్టు చెవులు ఎర్రబడ్డాయి. కొత్తగా చదువు ముగించి పెదనాన్న షాపులో కూర్చున్నవాడు. లేబుల్ లేని వస్తువు కనిపిస్తే నిద్రపట్టని రకం. ఆమేమో కొండవాలున పూసే అడవి గులాబీల రేకుల్ని, పంచదారని పొరలు పొరలుగా సీసాల్లో పేర్చి, తేనె పోసి, ఎండలో పెట్టి మురబ్బా చేసే మనిషి. ఆ విద్య అమ్మమ్మది. అమ్మమ్మకి చేతులు వణకడం మొదలయ్యాక, ఈ ఏడే మొదటిసారి మనవరాలు సొంతంగా చేస్తోంది.

పెదనాన్న వచ్చి తగువు తీర్చాడు. "పన్నెండు సీసాలు పెట్టమ్మా. నెల్లాళ్లు పాడవకుండా నిలిస్తే ఈ అర ఎప్పటికీ నీదే."

నిలవకపోతే? దూరపు ఊళ్లో ఆమె బాబాయి ఆఫీసు, కంప్యూటర్ ముందు కుర్చీ. ఆ ఉద్యోగం ఆమెకి బొత్తిగా ఇష్టం లేదు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఫార్మసిస్టుకీ ఇష్టం లేదు. ఎందుకో మొదట అతనికే అర్థం కాలేదు. ఆమె వచ్చే వేళకి రోజూ తల దువ్వుకుంటున్నానని గమనించాక అర్థమైంది.

"డోసుగారూ, ఈ బుట్ట కాస్త లోపల పెడతారా? వానొచ్చేలా ఉంది. ఈలోగా సీసాలు తెచ్చుకుంటాను," అంది ఒకరోజు. బుట్టనిండా రేకులు.

"నేను చూసుకుంటాను. మీరు నిదానంగా రండి."

చూసుకున్నాడు, మహా బాగా చూసుకున్నాడు. రేకుల మధ్య ఒక చీమ, చిటికెడు దుమ్ము కనిపించాయి. ఆమె మురబ్బాకి ఎవరూ వంక పెట్టకూడదని, వెనకగదిలో కూర్చుని రేకులన్నిటినీ ఫిల్టర్ నీళ్లతో మూడుసార్లు కడిగాడు. వాన వెలిసి ఆమె వచ్చేసరికి ఫ్యాన్ కింద ఆరబెట్టి మళ్లీ బుట్టలో సర్దేశాడు. చెబితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని నోరు మెదపలేదు.

పదిరోజులు ఎండలో మాగిన సీసాలు అరలోకి ఎక్కాయి. నాలుగోరోజు పెదనాన్న ఒక పెద్దావిడకి మాత్రలు ఇస్తుండగా, వెనక టప్పుమని ఒక మూత ఎగిరి ఆయన భుజాన్ని తాకింది. మిగతా పదకొండు సీసాల్లోనూ నురగే. షాపంతా పులిసిన వాసన.

కబురందుకుని ఆమె వచ్చింది. సీసాలు బుట్టలో పెట్టుకుని వెళ్లిపోయింది.

"సోమవారం బస్సెక్కుతోందట పాపం," అన్నాడు పెదనాన్న రెండురోజుల తర్వాత. "ఆ విద్య నా చేతికి రాలేదు అని ఒకటే ఏడుపట."

"పెదనాన్నా... పూలు కడిగితే పులుస్తాయా?"

"ఎవరు కడుగుతారురా? మంచు ఆరాక కోసి, గుడ్డమీద పరిచి దులుపుతారంతే. మడతల్లో నీటిచుక్క మిగిలిందా, ఇక అంతే సంగతులు."

తప్పు ఎవరిదో ఫార్మసిస్టుకి అర్థమైంది. చెబితే ఆమె జన్మలో తన మొహం చూడదేమో. చెప్పకపోతే ఆమె జన్మంతా తన చేతుల్నే తప్పుపట్టుకుంటుంది. ఆ రెండో ఆలోచన అతన్ని కూర్చోనివ్వలేదు. గొడుగు కూడా మరిచి వానలోకి పరుగెత్తాడు.

వంటింట్లో ఆమె ఆఖరి సీసాని సింకులోకి వంపుతోంది. అమ్మమ్మ స్టూలు మీద కూర్చుని దిగులుగా చూస్తోంది.

"ఆగండి! కడిగింది నేను."

"దేన్ని?"

"పూలని. మూడుసార్లు. ఫిల్టర్ నీళ్లతో."

ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "రెండురోజులు అన్నం తినలేదు తెలుసా? అమ్మమ్మ హస్తవాసి నాకు రాలేదని..."

"మీ హస్తవాసికేం లోటు లేదు. లోటంతా నా అతితెలివిదే. మీ సీసాలో ఇసుకరేణువు కూడా ఉండకూడదనుకున్నాను. మీరు ఊరొదిలి వెళ్లకూడదనుకున్నాను." అతను తడిసిన జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. ఇది కూడా ముందే చెప్పాల్సింది."

ఆమె ఖాళీ సీసాని సింకు పక్కన పెట్టింది.

"ఒకసారి సరే. మూడుసార్లెందుకు?" అందామె.

"మొదటి రెండుసార్లకీ చీమ పోలేదండీ."

ఆమె పెదవి బిగించింది, ఆపుకోవాలని చూసింది, లాభం లేకపోయింది. పగలబడి నవ్వింది.

"అబ్బాయ్, అంట్లు కూడా ఇంత శ్రద్ధగా కడుగుతావా?" అంది అమ్మమ్మ.

"కడుగుతానండీ."

"అయితే ఇతన్ని వదలకే!"

"అమ్మమ్మా!" అంటూనే ఆమె కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకుంది. "బాబాయ్, ఏమనుకోకు. నేను రావట్లేదు."

ఫోన్ పెట్టేసి అతని వైపు తిరిగింది. "కొండ పైన పూలు ఇప్పుడిప్పుడే విచ్చుకుంటున్నాయి. మళ్లీ పన్నెండు సీసాలు పెడదాం. వాన వెలిశాక, మంచు ఆరే వేళకి నువ్వు కూడా రా."

మీరు కాస్తా నువ్వయిందని అతని చెవులు వెంటనే పట్టేశాయి.

"ఏం తెమ్మంటావు?"

"ఏమీ వద్దు. చేతులు కడుక్కుని రా. చేతులు మాత్రమే."