వెంట్రుకవాసి గెలుపు

వీరవేణి చూపుడువేలు కదిలింది. ఆ కదలిక గదిలో ఎవరి కంటికీ ఆనలేదు. ఎదురుగా కూర్చున్న డాక్టర్ హైమవతికీ, గోడవారగా నిలబడ్డ భర్త నూకరాజుకీ ఆ వేలు నిన్నటిలాగే టేబుల్ మీద పడి ఉన్నట్టు కనిపించింది. వీరవేణి నుదుటి చుట్టూ ఉన్న పట్టీకి మాత్రం తెలిసింది. మరుక్షణం ఆమె కళ్లు మూసుకుని, "వాన పడుతోందా?" అని అడిగింది.

బయట ఎండ కాస్తోంది. ఆమెకు మాత్రం కాలిన ఇసుక మీద తొలి చినుకులు పడ్డ వాసన వచ్చింది. ఏడేళ్ల వయసులో ఉప్పాడ ఒడ్డున పీల్చిన వాసన అది. జబ్బుపడ్డాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఆ రోజుల్లో కాకినాడ జెట్టీలో పడవలన్నీ సౌరశక్తితో నడిచేవి. దారి అవే చూసుకునేవి, చేపల గుంపు ఎక్కడుందో అవే చెప్పేవి. వాటి పేర్లు మాత్రం ఇంకా మనిషి చేతనే రాయించుకునేవారు. ముప్పై ఏళ్లుగా ఆ పని వీరవేణిది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఆమె తన కుంచెలన్నీ ఎవరికైనా ఇచ్చేయమంది. ఫిజియోథెరపీకి నాలుగు రోజులు వెళ్లి మానేసింది. నూకరాజే బతిమాలి ఆమెను హైమవతి పరిశోధన కేంద్రానికి తీసుకొచ్చాడు.

హైమవతి వాళ్లకు పట్టీ సంగతి విడమరిచి చెప్పింది. ఏ పనైనా నిన్నటికంటే వెంట్రుకవాసి బాగా చేస్తే చాలు, మెదడులో ఒక చిన్న సిగ్నల్ పుడుతుంది. దాన్నే మనం తృప్తి అంటాం. జబ్బుపడ్డవాళ్లలోనూ అది పుడుతుంది, కానీ దిగులు దాన్ని ముంచేస్తుంది. పట్టీలోని సెన్సర్లు ఆ సిగ్నల్‌ను పట్టుకుని, పాత సంతోషాలు దాగున్న చోటికి సన్నటి కరెంటు పంపుతాయి. ఏ సంతోషం మేలుకోవాలో మెషీన్‌కు తెలియదు. మెదడే ఎంచుకుంటుంది.

"అయితే అది అబద్ధపు సంతోషమాండీ?" అని అడిగాడు నూకరాజు.

"కాదండీ. గెలుపూ ఆవిడదే, సంతోషమూ ఆవిడదే. మధ్యలో తెగిన దారిని మేం కలుపుతున్నాం, అంతే."

వేలు వంగిన రోజు వీరవేణికి తండ్రి భుజాల మీంచి చూసిన పెద్ద ఓడ కనిపించింది. గ్లాసు పట్టుకున్న రోజు, తలకు నూనె రాస్తున్న అమ్మ వేళ్లు తగిలాయి. కుంచె జారకుండా నిలబెట్టినప్పుడు, సైకిల్ మీద మొదటిసారి పడకుండా దాటిన వీధి మొత్తం కళ్ల ముందు నుంచి మెల్లగా సాగిపోయింది. నీళ్ల అడుగున నడుస్తున్నట్టు ఉండేది ఆమెకు. ఏ జ్ఞాపకమూ రాని రోజులూ ఉండేవి. అప్పుడు అన్నం చల్లారిపోతున్నా సాధన ఆపి టేబుల్ దగ్గర నుంచి లేచేది కాదు.

నూకరాజుకు మాత్రం తొందరగా ఉండేది. వీరవేణి తమ్ముడి కొత్త పడవ పేరు లేకుండా జెట్టీ పక్క ఇసుక మీదే ఉండిపోయింది. పేరు రాయందే దాన్ని నీళ్లలోకి దించరు. వేట మొదలయ్యే రోజు దగ్గరపడుతున్నా, అక్క తప్ప ఇంకెవరూ రాయడానికి వీల్లేదని తమ్ముడు పట్టుబట్టాడు.

పట్టీ కట్టుకున్న ఎనిమిదో నెలలో వీరవేణి జెట్టీకి వెళ్లింది. నీలం రంగు మీద పసుపు రంగుతో 'చల్లనితల్లి' అని రాసింది. అక్షరాలు మునుపటంత నిండుగా వచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. తమ్ముడు కాళ్లకు దణ్ణం పెట్టాడు. నూకరాజు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. వీరవేణి కుంచె పట్టుకుని ఎదురుచూస్తూ నిలబడింది.

"ఏమీ రాలేదండీ," అంది చివరికి, తన వెంట వచ్చిన హైమవతితో, చిన్నగా.

"నిన్న ల్యాబ్‌లో ఇదే పేరు ఇంతే బాగా రాశారు కదా. మీ చెయ్యి బాగైపోయింది. ఇక పట్టీకి చూపించడానికి కొత్తదేమీ లేదు."

వీరవేణి కాసేపు పడవ వంక చూసింది. తర్వాత కుంచెను ఎడమచేతిలోకి మార్చుకుని, పక్కనున్న పాత చెక్క మీద ఒక గీత గీసింది. అది పాములా వచ్చింది. దాని కింద మరొకటి, ఇంకొకటి. నాలుగో గీతకు ఆమె కళ్లు నెమ్మదిగా మూతపడ్డాయి.

ప్రయోగం ముగిసింది కాబట్టి హైమవతి పట్టీ తీయాల్సి వచ్చింది. వీరవేణి తానే విప్పి ఇచ్చేసింది. ఇకమీదట వెంట్రుకవాసి గెలుపు తనకే తెలుస్తుందిలే అంది.

ఆ మధ్యాహ్నమే ఢిల్లీ నుంచి కబురొచ్చింది. దేశంలోని ఆసుపత్రులన్నిటికీ పట్టీని పంపడానికి అనుమతి దొరికింది. పదకొండేళ్ల కష్టం ఫలించింది. ల్యాబ్‌లో అందరూ కేరింతలు కొడుతుంటే హైమవతి నవ్వుతూ నిలబడింది కానీ, లోపల ఏమీ కదల్లేదు. అలసట అనుకుంది. తలుపు వేసుకుని, తాను తయారుచేసిన పట్టీని మొదటిసారి తన నుదుటికి కట్టుకుంది. గంటసేపు కూర్చుంది. స్క్రీన్ మీద గీత చదునుగా సాగింది. సెన్సర్లు పాడయ్యాయేమోనని ఒక్కొక్కటే పరీక్షించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడామెకు తట్టింది: చేతనైన పనిని చేతనైనట్టే చేస్తూ, ఒక్క మెట్టు మీదా ఆగి తృప్తి పడకుండా ఇన్నేళ్లూ నడిచింది తను.

మర్నాడు పొద్దున్నే పట్టీతోనే జెట్టీకి వెళ్లి, అక్షరాలు రాయడం నేర్పమని వీరవేణిని అడిగింది. వీరవేణి ఒక కుంచె తీసి ఆమె చేతికిచ్చింది.

"'అ'తో మొదలుపెట్టకండి డాక్టరమ్మా, చెయ్యి తిరగదు. ముందు సున్నా చుట్టండి."

హైమవతి సున్నా చుట్టింది. కొసలు కలవలేదు. రంగు మోచేతి దాకా కారింది. మళ్లీ చుట్టింది. ఆరోసారి కొసలు కాస్త దగ్గరకొచ్చాయి. హఠాత్తుగా ఆమె నాలుక కొసకు పాలపన్ను ఊడిన చోట మెత్తటి ఖాళీ తగిలింది. చేతిలోని పన్నును గిరగిరా తిప్పి ఇంటి కప్పు మీదికి విసిరేసి, అది జారి కిందపడకుండా అక్కడే ఆగినందుకు వీధి వీధంతా పరుగెత్తి చెప్పిన ఉదయం అది.

ఏమైందని నూకరాజు కంగారుగా అడిగాడు. సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది. దేశం నలుమూలల నుంచీ ఎవరెవరో అభినందించడానికి చేస్తున్నారు. హైమవతి కుంచెను రంగులో ముంచి, ఏడో సున్నా మొదలుపెట్టింది.