కూతకంచెలో పన్నెండో జీవి

కిన్నెర గుక్కపట్టి ఏడుస్తోంది. హైమ కదల్లేదు.

సపోటా చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, సగం కొరికిన పండు చేతిలో పట్టుకుని, పళ్ళు బిగించింది. అసలే చాలని పాలు. ఉన్న కాసినీ రవికలోకి కారిపోతున్నాయి.

‘గంట మోగలేదు. మోగితేనే వెళ్ళాలి’ అనుకుంది.

ఆ కట్టడి ఆదెమ్మ పెట్టింది. తోట చివర ఊయలశాలలో తొమ్మిదిమంది చంటిపిల్లల్ని ఒక్కతే చూసుకునే ముసలావిడ ఆమె. నెల కిందట హైమ ఇలాగే ఏడుపు విని రోజుకు పదిసార్లు పరుగెత్తుకెళ్ళేది. వెళ్ళినప్పుడల్లా ఆమె ఎనిమిది నెలల కూతురు కిన్నెర బొటనవేలు చీకుతూ హాయిగా నిద్రపోతూ ఉండేది.

“మళ్ళీ వచ్చావా! లోకంలో నువ్వొక్కదానివే కన్నావేటే?” అని ఆదెమ్మ దులిపేసేది. “బిడ్డకి లేదు జబ్బు, నీకుంది. ఏడిస్తే నేను గంట కొడతాను. కొట్టకుండా వచ్చావో, పిల్లని నీ ఇంట్లోనే ఉంచుకో.”

ఇంట్లో ఉంచుకుంటే పనికి రావడం కుదరదు. అందుకే పది రోజులుగా హైమ ఏడుపు వింటూ కూర్చోవడం నేర్చుకుంది. మనిషన్నవాళ్ళెవరూ నేర్చుకోకూడని విద్య అది.

ఇంటింటికీ పెరడు పోయి, నాలుగు వందల గడపలకు ఒక్క ఉమ్మడి తోట మిగిలిన కాలం. ఆ తోట చుట్టూ ముళ్ళకంచె లేదు, వలల్లేవు. కూతకంచె ఉంది. కొమ్మకొమ్మకూ పిందెల్లా వేలాడే చెవికాయలనే చిన్న యంత్రాలు వింటాయి, చూస్తాయి, నేర్చుకుంటాయి. ఏ ప్రాణి ఏ చప్పుడుకు తిండి వదిలి పారిపోతుందో కనిపెట్టి, సరిగ్గా ఆ చప్పుడే చేస్తాయి. మార్గశిరంలో జామచెట్ల మీద వాలబోయే చిలకలకు డేగ గోళ్ళలో చిక్కిన చిలక అరుపు. జ్యేష్ఠంలో నేరేళ్ళకొచ్చే గబ్బిలాలకు గుడ్లగూబ కూత. కార్తీకంలో సీతాఫలం వాసన పట్టిన ఉడతలకు పిల్లి అడుగుల సవ్వడి. దెబ్బ లేదు, మందు లేదు, రక్తం లేదు. పదకొండేళ్ళుగా ఆ తోటలో చిలక కొట్టిన పండు ఎవరూ చూడలేదు. దేశంలోని తోటలన్నీ ఇప్పుడు ఇంతే.

హైమ పండు కింద పెట్టేసింది. ఏడుపు ఠక్కున ఆగింది.

ఆమె చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మళ్ళీ పండు తీసి నోటి దగ్గర పెట్టుకుంది. ఏడుపు మొదలైంది. దించింది. ఆగింది.

“రత్నాలూ!” పక్క సాలులో కాయలేరుతున్న పిల్లను కేకేసింది. రత్నాలుకు మూడు నెలల కొడుకు. “నీకూ వినిపిస్తోందా ఏడుపు?”

రత్నాలు అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చింది. “మా బుడ్డోడిది వినిపిస్తోందక్కా. నీలాగ నన్నూ పిచ్చిదంటారని నోరు మూసుకున్నాను.”

“ఎప్పుడు వినిపిస్తోంది?”

“రాలుకాయ తినబోయినప్పుడే.” అనేసి రత్నాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రాలిన కాయ బాలింతది. ఈ తోటలో మొదటి మొక్క నాటిన నాటి నుంచీ ఉన్న కట్టుబాటు. ఎవరినీ అడగక్కర్లేదు, వంగి తీసుకుని తినడమే. పాలు పడాలంటే తల్లి కడుపు నిండాలని పెద్దవాళ్ళు పెట్టింది.

హైమ ఊయలశాలకు వెళ్ళింది. ఆదెమ్మ తిట్లు తిడుతుండగానే కిన్నెరను చీరకొంగుతో గుండెలకు కట్టుకుని చెట్టు కిందికొచ్చి, వంగి ఒక పండు తీసింది.

నెత్తిమీద కొమ్మలోంచి కిన్నెర ఏడ్చింది.

గుండె మీద కిన్నెర కళ్ళు తెరిచి, తన గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియక ఆకుల్లోకి చూసింది.

హైమకు ఒళ్ళంతా మండింది. పిల్లను అలాగే కట్టుకుని, కూతకంచెను నడిపే కంచెగదికి వెళ్ళి తలుపు కాలితో తన్నింది.

లోపల తోటపెద్ద అప్పల్నరసయ్య టీ తాగుతున్నాడు. “ఏటమ్మా హైమా! తలుపు నీకేం చేసింది?”

“మీ కంచె నా బిడ్డ గొంతు దొంగిలించింది బాబాయ్.”

“కూర్చో, కూర్చో. కూతకంచె జంతువుల కోసం...”

“అది తరిమే జీవుల జాబితా తియ్యి!”

ఆయన గోడ పలక మీద వేలు ఆడించాడు. ఉడత, చిలక, గబ్బిలం, పునుగుపిల్లి... పదకొండు జీవులు, వాటి బొమ్మలతో సహా. కింద పన్నెండోది ఉంది. పేరు లేదు. దాన్ని చదువుతూ చదువుతూ ఆయన గొంతు తగ్గిపోయింది. “రెండు కాళ్ళది. పగటిపూట వస్తుంది. నేల మీద రాలినవి తింటుంది. పారిపోయే కూత... సొంత పిల్ల ఏడుపు.”

ఆయన టీ గ్లాసు పక్కకు నెట్టాడు.

“యంత్రానిది తప్పు కాదమ్మా,” అన్నాడాయన చివరికి. “గంపలో వేసేవాళ్ళు పనివాళ్ళనీ, నోట్లో పెట్టుకునేవి దొంగజీవులనీ నేర్పాం. బాలింతల కట్టుబాటు రాయించడం మర్చిపోయాం. మీ పిల్ల ఎప్పుడో నిజంగానే ఏడిస్తే నువ్వు కాయ పారేసి పరుగెత్తి ఉంటావు. అది చూసి నేర్చుకుంది.”

“మర్చిపోయారా? పునుగుపిల్లిని మర్చిపోలేదే! ఏడాదికొకసారి వచ్చే పునుగుపిల్లికి బొమ్మ కూడా గీయించారే! తల్లులే మర్చిపోయారా?”

“గట్టిగా అరవకు. మిమ్మల్నేం కొట్టలేదు కదా?”

“కొట్టినా బాగుండేది! వాత చూపించేదాన్ని. నెల్లాళ్ళు నన్ను పిచ్చిదన్నారు. ఏడో తరగతిలో బడి మానేసిందానికి ఏం తెలుసన్నావు నువ్వే, ఇదే కుర్చీలో కూర్చుని! బిడ్డ ఏడుస్తుంటే రాయిలా కూర్చోమని నాకు నేర్పారు. నేర్చుకున్నాను బాబాయ్. ఎంత బాగా నేర్చుకున్నానో తెలుసా?”

అప్పల్నరసయ్య తల దించుకుని పలక మీద నొక్కాడు. పన్నెండో వరస చెరిగిపోయింది. “అయిపోయిందమ్మా. ఇక వినిపించదు. పోయి పని చూసుకో.”

నిజంగానే వినిపించలేదు. కిన్నెరను ఊయలలో పడుకోబెట్టి వచ్చి, ఆ మధ్యాహ్నం హైమ మూడు పండ్లు తింది. రత్నాలు ఐదు తింది, గింజలు దూరంగా ఉమ్ముతూ నవ్వింది కూడా. తోటలో ఆకు సడి తప్ప ఏమీ లేదు. ఆ నెమ్మది చూసి హైమకు నెల్లాళ్ళ తర్వాత ఊపిరాడింది.

పాలవేళకు ఊయలశాలకు వెళ్ళింది. నలుగురిలో పరువు దక్కించుకుందామని అప్పల్నరసయ్య కూడా వెంట వచ్చాడు.

ఆదెమ్మ గుమ్మంలో వక్క నములుతోంది. లోపల తొమ్మిది ఊయలలు. పిల్లలందరూ మెలకువగానే ఉన్నారు. ఒక్కరూ ఏడవడం లేదు.

“చూశావా, ఎంత నిమ్మళంగా ఉన్నారో!” అన్నాడు అప్పల్నరసయ్య.

హైమ ఊయల దగ్గరికెళ్ళి దుప్పటి తీసింది. కిన్నెర కాలి మీద, తొడ మీద ఎర్రచీమలు. పాదం నుంచి మోకాలి దాకా దద్దుర్లు తేలి వాచిపోయింది. పిల్ల కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. పెదవి వణుకుతోంది. నోరు మాత్రం మూసుకునే ఉంది.

“పిన్నీ! గంట కొట్టలేదేం?” చీమల్ని రెండు చేతులా దులుపుతూ కేక పెట్టింది హైమ.

“ఏడిస్తే కదే కొట్టడం? కిక్కురుమనలేదు.” ఆదెమ్మ కంగారుగా లేచింది. “మొన్నటిదాకా ఏడ్చేవాళ్ళు. తొమ్మిదిమందిని నేనొక్కదాన్ని, చెవి కూడా సరిగా వినిపించదు, అందరి దగ్గరికీ ఎక్కడ పోను? ఏడ్చినా మీరూ రావడం మానేశారు. ఇప్పుడు అందరూ బుద్ధిమంతులైపోయారు.”

హైమ పిల్లను ఎత్తుకుని వాచిన కాలిని నిమిరింది. పిల్ల ఒళ్ళంతా బిగుసుకుంది. గొంతులోంచి చిన్న శబ్దం కూడా రాలేదు.

“ఏడవ్వే... వచ్చాను చూడు. అమ్మొచ్చింది. ఒక్కసారి ఏడవ్వే తల్లీ.”

కిన్నెర తల్లి ముఖం కేసి చూసి, మెల్లగా చూపు తిప్పుకుంది.

“చిన్నపిల్ల, నాలుగు రోజుల్లో అదే...” అని అప్పల్నరసయ్య ఏదో అనబోయాడు.

హైమ పిల్లతో సహా ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె గొంతు ఇప్పుడు అరుపులా లేదు.

“ఇందాక ఒక్కటి నొక్కితే అయిపోయిందన్నావు కదా బాబాయ్. నా పిల్ల మళ్ళీ ఏడవాలంటే ఏది నొక్కాలో చూపించు.”