ధాత్రి పేరు మీద మొక్కు

"ఇది మూరా?" మల్లెల దండను వేలికి వేలాడదీసి అడిగాడు దినకర్. "మీ చేయి చిన్నది. ఇది మా అమ్మ కొప్పు చుట్టూ కూడా రాదు. నా చేత్తో కొలవండి."

ధాత్రి మోచేయి నుంచి వేలికొన దాకా తన చేతిని బల్ల మీద చాపింది.

"తిరువళ్ళూరు బజార్లో పూలు కొలిచేది అమ్మేవాళ్ళ చేత్తో సార్. కొనేవాళ్ళ చేత్తో కొలిస్తే మా నాయన అంగడి మూసుకొని పోవాల."

"అయితే రోజూ వచ్చి గొడవ పడతా."

"పడండి. పూలు కొని పడండి."

అన్నట్టుగానే వచ్చాడు. అతనిది తిరుత్తణి. రోజూ ట్రైనులో వచ్చి, బజారు చివర బైక్ షోరూములో సేల్స్ చూసేవాడు. నున్నగా దువ్విన క్రాపు, దానికి తగ్గ మాట. ఒక సాయంత్రం స్టేషన్ బయట వాన పట్టుకుంది. అతని దగ్గర ఒకటే గొడుగు. దాన్ని ధాత్రికి కాకుండా ఆమె చేతిలోని పూలబుట్టకు పట్టాడు.

"నేను తడిస్తే పర్వాలేదా?" అంది.

"పూలు తడిస్తే నీకు కోపం. నువ్వు తడిస్తే నాకు జ్వరం. కోపం కంటే జ్వరమే మేలు గదా?"

ధాత్రి అంగట్లో పెరిగిన పిల్ల. చేయి చాచినవాడు ఇవ్వడానికి చాచాడో, తీసుకోవడానికి చాచాడో ఒక్క చూపులో చెప్పగలదు. ఆ వానలో మాత్రం గొడుగునే చూసింది.

కొన్నాళ్ళకు ఇద్దరూ ఫోన్లలో లొకేషన్ కలుపుకున్నారు. అడిగింది అతనే. "ట్రైనులో ఉన్నా నీ పక్కనే ఉన్నట్టుంటాది," అన్నాడు. ఆమెకూ ముద్దుగానే అనిపించింది.

"యాడ ఉండావు?" ఒకరోజు ఫోన్ చేసి అడిగాడు.

"ఫోన్లో కనబడతా ఉండాది గదా."

"పాండూరు చూపిస్తా ఉండాది. ఆడ నీకేం పని?"

"పూలకు వచ్చినా. సుబ్బన్న తోటలో ఉండా."

"సుబ్బన్న కొడుకు కూడా ఉండాడా? ఆ నరేష్?"

"తోట వాళ్ళదే. పూలు వాళ్ళు గాక ఎవరిస్తారు?"

"ముందే చెప్పి పొయ్యుంటే అడిగేవాణ్ణి కాదు. ప్రేమ ఉండబట్టే గదా అడిగేది."

పాండూరుకు తండ్రి గోవిందస్వామిని పంపడం మొదలుపెట్టింది. ఆయనకు మొగ్గ చూసి ధర చెప్పే ఓపిక లేదు. సరుకు నాసిగా వచ్చింది.

తర్వాత, తలలో పూలు పెట్టుకొని అంగట్లో కూర్చోవద్దన్నాడు.

"పూలమ్మేదాని తలలో పూలు లేకుంటే, వంటమాస్టరు పస్తున్నట్టు ఉంటాది," అని నవ్వింది.

అతను నవ్వలేదు. మర్నాటి నుంచి ఆమె పెట్టుకోలేదు. ఒక్కోటీ చిన్నదే. గొడవకంటే వదులుకోవడమే చవక అనిపించింది. చిల్లరగా పోయే సరుకుతో వచ్చే చిక్కే అది. పోయినట్టు వెంటనే తెలియదు.

రెండిళ్ళవాళ్ళూ పెళ్ళికి ఒప్పుకున్నారు. ఆరోజు దినకర్ మిఠాయి పొట్లంతో వచ్చి, ధాత్రి తల్లి దేవకి కాళ్ళకు దండం పెట్టాడు.

"అత్తా, మీరు ఒప్పుకుంటే ధాత్రి జుట్టు ఇస్తానని తిరుత్తణి మురుగనుకు మొక్కినా. పెళ్ళికి ముందే తీర్చేయాల."

ధాత్రి చేయి జడ మీదికి పోయింది. "నా జుట్టా? నన్ను అడిగినావా?"

"నిన్ను ఇయ్యమని దేవుణ్ణే అడిగినా. మళ్ళా నిన్నేమి అడిగేది?"

దేవకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత ప్రేమ చూడే! మొక్కు తప్పితే స్వామి ఊరుకోడు. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే నేను నీ పేరు మీద మొక్కలేదా?"

"అప్పుడు నాకు మాటలు రావు అమ్మా. ఇప్పుడొస్తాయి."

"మొక్కు తీరేదాకా పత్రిక కొట్టించేది లేదు," అంది దేవకి. భయం ఆమెను గట్టిగా పట్టుకుంది.

ముగ్గురూ తిరుత్తణి కొండెక్కారు. దారి పొడుగునా ధాత్రి ఒకే విషయం ఆలోచించింది. దినకర్ కావాలి. జుట్టు మళ్ళీ పెరుగుతుంది. కానీ అడగకుండా ఒకసారి ఇచ్చేసినవాడు రేపు ఇంకేం ఇచ్చేస్తాడు?

గుండ్లు గీసే మండపంలో క్షురకుడు ఎలుమలై తలెత్తాడు. "ఎవరికమ్మా మొట్ట?"

"మొక్కినాయనకి," అంది ధాత్రి.

"ధాత్రీ!" అంది దేవకి.

దినకర్ క్రాపు తడుముకున్నాడు. "గుండుతో షోరూములో నిలబడితే నా దగ్గర బండి ఎవడు కొంటాడు?"

"నాకూ అంగడి ఉండాది దినకర్."

"ఎవరో ఒకరు కూచోండి," అన్నాడు ఎలుమలై. "వెనకాల జనం ఉండారు."

దినకర్ వెనకాల వరసను చూశాడు. తర్వాత చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాడు.

వెంట్రుకలు అతని ఒళ్ళో పడుతుంటే ధాత్రి కళ్ళు తిప్పుకోకుండా చూసింది. ఇతను ఇవ్వగలడు. తను అనవసరంగా భయపడింది. అతను స్నానం చేసి వచ్చాక గంధం గిన్నె తీసుకొని, అందరి ముందే సిగ్గుపడకుండా తన చేత్తో ఆ గుండుకు పూయసాగింది.

"చూసినావా?" అన్నాడు దినకర్ కళ్ళు మూసుకొని. "నీకోసం తలే ఇచ్చినా. ఇంక నువ్వు నా మాట ఒకటి వినాల. పెళ్ళయినాక అంగడి వద్దు. ఆ పాండూరు మనుషులతో మాటలు వద్దు. నా కళ్ళ ముందరే ఉండు, చాలు."

ఆమె చేయి ఆగింది.

అతను ఇచ్చింది కానుక కాదు. ఆమెను కొనడానికి అడ్వాన్స్.

చెవుల వెనక గంధం అంటని చోటు మిగిలింది. అక్కడ కూడా పూసింది. గిన్నె కింద పెట్టింది.

"పెళ్ళి వద్దు దినకర్."

అతను కళ్ళు తెరిచాడు. "నేనేం తప్పు చేసినా? ఇంతగా ప్రేమించేవాడు నీకు దొరుకుతాడా?"

"దొరకడేమో."

"మరి?"

"నువ్వు ఇచ్చిన ప్రతిదానికీ నాదొకటి తీసుకుంటా వచ్చినావు. ఇట్లే ఇచ్చుకుంటా పోతే, నీ పక్కన కూచునేదానికి నేనే మిగలను."

"అత్తా, మీరైనా చెప్పండి! మొక్కు..."

దేవకి అతని గుండును చూసింది. కూతురి ముఖాన్ని చూసింది. ఇన్నాళ్ళూ ఆమెను పట్టుకున్న భయం ఎక్కడో సడలింది.

"మొక్కు తీరిపోయింది నాయనా," అంది మెల్లగా. "మొక్కినోడివి నువ్వే తీర్చినావు. ఇంక మా బిడ్డను ఏమీ అడగొద్దు."

ధాత్రి మెట్లు దిగుతూ ఏడ్చింది. దేవకి ఏడవొద్దని అనలేదు. పైట చెంగు ఆమె చేతిలో పెట్టి, పక్కనే నడిచింది.