వేడెక్కని డబ్బా

మనిషి మాయమై రెండు రోజులైంది.

శవం లేదు. రక్తపు మరక లేదు. పోట్లాట లేదు. పునాదికి కాంక్రీటు పోసిన రోజు పొద్దున పనిలోకి వచ్చినవాడు సాయంత్రానికి లేడు. అంతే.

ఇన్‌స్పెక్టర్ సైట్ గేటు దగ్గర జీపు దిగేసరికి పన్నెండున్నర. ఎదురుగా పునాది దిమ్మె. పెద్ద భవనం మొత్తాన్ని మోయడానికి పోసిన ఒకే ఒక్క పలక. మనిషి నిలువెత్తు మందం. దాని మీద తడి గోనె సంచులు పరిచారు. సంచుల మీంచి పల్చగా ఆవిరి లేస్తోంది.

ఆ సంచుల మీద వరసగా టిఫిన్ డబ్బాలు.

"ఇదేంటమ్మా, డబ్బాలకి కూడా పునాది వేస్తున్నారా?" అన్నాడు వెంట వచ్చిన కానిస్టేబుల్.

"పొయ్యి సార్ అది. కొత్త కాంక్రీటు కాలుతుంది కదా. నాలుగు రోజులు మాకు ఖర్చు లేని పొయ్యి" అని నవ్వింది ఇసుక మోసే ఆవిడ.

ఫిర్యాదు ఇచ్చిన మనిషి నవ్వలేదు. చేతిలో రబ్బరు పైపుతో దిమ్మెకి నీళ్లు పడుతోంది. అదే ఆమె పని. మాయమైనవాడు ఆమె భర్త.

"మీ ఆయన ఇక్కడ ఏం చేస్తాడు?"

"వైబ్రేటర్ పని సార్. పోసిన కాంక్రీటులో గాలి బుడగలు లేకుండా అదిరిస్తాడు. సన్నగా ఉంటాడని, పోసే ముందు కడ్డీల మధ్యకి దింపి చెత్త కూడా ఏరిస్తారు. అందరూ బక్కోడనే అంటారు."

"ఆఖరిసారి ఎక్కడ చూశావు?"

ఆమె తూర్పు వైపు చూపించింది. అంచుకి చాలా లోపల ఒక చోటు.

"అక్కడ. మనిషి దిగడానికి పై కడ్డీల్లో కన్నం వదిలారు. దాని పక్కన కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. 'అన్నం తెచ్చావా?' అని అడిగాడు. 'ముందు పని చూడు' అన్నాను."

పైపు నీళ్లు ఒకేచోట పడుతున్నాయి. ఆమె గమనించలేదు.

"నా డబ్బా అక్కడే పెడుతున్నా సార్. వస్తే ముందు అక్కడికే వస్తాడని. నిన్న పెట్టీ పెట్టగానే అన్నయ్య తీసి నడిమధ్యన పెట్టాడు. మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టుకున్నా."

"పెట్టి ఏం లాభం?" ఇసుక మోసే ఆవిడ అందుకుంది. "అందరి అన్నం వేడి, దీని అన్నం చల్ల. దరిద్రుడు తల కడగబోతే వడగళ్ళ వానంట. సిమెంటుకి కూడా దీనంటే అలుసే."

ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. ఆ మాట చెవిన పడింది. బుర్రకి ఎక్కలేదు.

అప్పుడే మేస్త్రీ వచ్చాడు. ఫిర్యాదు ఇచ్చిన ఆమెకి సొంత అన్న. వస్తూనే తూర్పు వైపు నడిచి, వంగి, చెల్లెలి డబ్బా తీశాడు.

"మళ్ళీ అక్కడే పెట్టావా తల్లీ? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

డబ్బా తెచ్చి మధ్యలో పెట్టాడు.

"మీ బావ ఎటు పోయాడు?" ఇన్‌స్పెక్టర్ సూటిగా అడిగాడు.

"గేటు వైపు పోవడం చూశాను సార్. పదింటికి."

"ఎందుకు?"

మేస్త్రీ గొంతు తగ్గించాడు. "ఎవత్తెతోనో ఫోన్లో గుసగుసలు సార్ ఈమధ్య. లేచిపోయుంటాడు. చెల్లెలికి ఏ నోటితో చెప్పను?"

"ఒంటి మీద ఏమున్నాయి?"

"పని బట్టలే. గమ్‌బూట్లు కూడా. స్టోర్లో ఓ జత తగ్గింది. వాటినీ ఎత్తుకుపోయాడు."

"అబద్ధం!" వెనక నుంచి ఆమె గొంతు. "ఎందుకన్నా అట్లా అంటావు? ఆయన నాకు చెప్పకుండా పక్క వీధిక్కూడా పోడు."

మేస్త్రీ చెల్లెలి మొహం చూడలేదు.

గేటు కాపలాదారు ఏమీ చెప్పలేకపోయాడు. ఆ రోజు కాంక్రీటు లారీలు చీమల బారులా వచ్చాయట. ఎవరు వచ్చారో ఎవరు పోయారో చూసే తీరిక లేదట.

"ఒక్క మాట సార్" అన్నాడు కానిస్టేబుల్, ఆఫీసు షెడ్డు వైపు నడుస్తూ. "మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని లేచిపోయే మగాణ్ణి నా సర్వీసులో చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ ఆగాడు. నిజమే. అంటే బక్కోడు పనిలో ఉండగానే ఏదో జరిగింది.

షెడ్డులో సైట్ ఇంజనీరు ఉంది. చిన్న వయసు. కళ్ళ కింద నల్లటి చారలు. బల్ల మీద పిస్తోలు లాంటి పరికరం.

"ఇదేంటి మేడమ్?"

"టెంపరేచర్ గన్ సార్. దిమ్మె వేడి చూస్తుంటాను. లోపల పెట్టిన మీటర్లో అరవై అయిదు డిగ్రీలు దాటింది. పైన తొందరగా చల్లారితే పగుళ్ళు వస్తాయి."

"నిప్పు లేకుండా అంత వేడా?"

"నీళ్లు కలిస్తే సిమెంటులో రసాయన చర్య మొదలవుతుంది. ఉష్ణమోచక చర్య. గట్టిపడుతూ వేడిని బయటికి వదులుతుంది."

"వేడి బయటికి పోతే ఎంథాల్పీ మార్పు మైనస్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. ఆ మైనస్ గుర్తు పెట్టక కెమిస్ట్రీలో మార్కులు పోగొట్టుకున్నాను."

ఆమె మొదటిసారి నవ్వింది.

"ఈ వేడి అంతటా ఒకటేనా?"

"ఒకే మిశ్రమం, ఒకే మందం. అంచుల్లో కాస్త తక్కువ. మిగతా అంతా ఒకటే."

అందరి అన్నం వేడి. దీని అన్నం చల్ల.

ఇన్‌స్పెక్టర్ ఆమె ఇచ్చిన టీ గ్లాసు కింద పెట్టాడు.

"మధ్యలో ఎక్కడో ఒకచోట చల్లగా ఉంటే?"

"అక్కడ లోపల సిమెంటు కానిదేదో ఉన్నట్టు. దుంగో, మట్టి పెళ్ళో. సిమెంటు లేకపోతే చర్య లేదు. చర్య లేకపోతే సొంత వేడి లేదు. చుట్టుపక్కల వేడి మెల్లగా పాకి రావాల్సిందే..."

ఆమె తల ఎత్తింది. ఇన్‌స్పెక్టర్ మొహం చూసింది. టెంపరేచర్ గన్ చేతిలోకి తీసుకుంది.

"ఈ తేడా ఎన్నాళ్ళు తెలుస్తుంది?"

"మహా అయితే ఇంకో రెండు మూడు రోజులు. తర్వాత చర్య తగ్గిపోతుంది. అంతా ఒకేలా చల్లారిపోతుంది. ఇక దేన్నీ కనిపెట్టలేం సార్."

అందరినీ దిమ్మె మీదికి రమ్మన్నాడు. తూర్పు వైపు సంచులు తీయించాడు. ఇంజనీరు గన్ పట్టుకుని అంకెలు చదివింది.

"నలభై ఆరు. నలభై ఆరు. నలభై అయిదు."

రెండడుగులు వేసింది.

"నలభై ఒకటి."

ఇంకో అడుగు.

"ముప్పై ఎనిమిది."

అక్కడి నుంచి ఆమె చదువుతుంటే కానిస్టేబుల్ ఎర్ర రంగుతో చుట్టూ గీత గీశాడు. గీత కలిసింది. సన్నటి మనిషి మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటే సరిపోయేంత చోటు.

"నిన్న నీ చెల్లెలు ఇక్కడ డబ్బా పెట్టగానే తీసేశావు. ఎందుకు?" ఇన్‌స్పెక్టర్ మేస్త్రీని అడిగాడు.

"ఇక్కడ... వేడెక్కదని సార్."

"పెట్టీ పెట్టగానే తీశావు. వేడెక్కుతుందో లేదో అప్పటికి ఎవరికీ తెలీదు. కింద ఏముందో తెలిసినవాడికి తప్ప."

మేస్త్రీ ఎర్ర గీత నుంచి వెనక్కి జరిగాడు.

"రెండు కాంక్రీటు పంపులు పెట్టాం సార్. బావ చెత్త ఏరి ఆ చివర పైకి వచ్చేశాడనుకున్నా. ఈ చివర రెండో పంపుకి పొయ్యమని నేనే చెయ్యూపాను. ఆ మోతలో అరిచినా వినపడదు. గంట తర్వాత చూస్తే మనిషి లేడు. అప్పటికి కన్నం మీద జానెడు కాంక్రీటు..."

"ఆపలేదా?"

"ఆపితే బతుకుతాడా సార్? దిమ్మె మధ్యలో ఆపితే అంతా పాడు. ఇంతమంది కూలీల పని పోతుంది. చెయ్యి పైకి లేవలేదు. పంపు పోస్తూనే ఉంది."

"పైగా లేచిపోయాడని పేరు పెట్టావు."

"ఎక్కడో బతికే ఉన్నాడనుకుంటుంది కదా సార్, మా చెల్లెలు. తిట్టుకుంటూ అయినా బతుకుతుంది కదా!"

చెల్లెలు అంతా విన్నది. ఏడవలేదు. ఎర్ర గీత దగ్గర కూర్చుని అరచెయ్యి ఆనించింది.

"ఎక్కడికీ పోలేదు" అంది. "చెప్పాను కదా, ఆయన ఎక్కడికీ పోడని."

తర్వాత అన్న వైపు తిరిగింది. "డబ్బా జరిపినప్పుడల్లా, నా మీద ప్రేమనుకున్నా అన్నా."

"ప్రేమేనమ్మా" అన్నాడు మేస్త్రీ.

మేస్త్రీ చేసినదానికి ఇన్‌స్పెక్టర్ దగ్గర సెక్షన్లు ఉన్నాయి. ఈ మాటకి ఏ సెక్షనూ లేదు.

"ఆయన్ని ఎప్పుడు తీస్తారు సార్?"

ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది.

"కొయ్యాలంటే పెద్ద మెషీను రావాలి సార్. పైవాళ్ళ అనుమతి కావాలి. ఈలోగా ఇది గంట గంటకీ గట్టిపడుతుంది. నీళ్లు పట్టేకొద్దీ..." నాలుక కరుచుకుంది.

"నీళ్లు పడితే గట్టిపడుతుందా మేడమ్?"

ఇంజనీరు తల ఊపింది.

"నేనే పట్టాను" అంది బక్కోడి భార్య, పైపు వైపు చూస్తూ. "రెండు పూటలా నేనే పట్టాను."

ఇన్‌స్పెక్టర్ ఆ సాయంత్రం కంపెనీ పెద్దకి ఫోన్ చేశాడు. "ఆర్డరు తెండి, కోద్దాం" అన్నాడాయన. పై అధికారికి చేశాడు. "పోలీసుల ముందు ఒప్పుకుంటే అది సాక్ష్యమా? చల్లటి మచ్చ చూపించి భవనం పునాది కొయ్యమంటే ఎవరు నమ్ముతారయ్యా? కాగితం పంపు, చూద్దాం" అన్నాడాయన. కాగితం వెళ్ళింది. మర్నాడు జవాబు లేదు. ఆ మర్నాడూ లేదు.

కేసు తేలింది. దోషి లాకప్పులో ఉన్నాడు. బక్కోడు మాత్రం అక్కడే ఉన్నాడు.

వారం తిరిగాక ఇన్‌స్పెక్టర్ మళ్ళీ సైట్‌కి వెళ్ళాడు. చేతిలో ఆర్డరు లేదు. ఊరికే వెళ్ళాడు.

పని ఆగిపోయింది. అయినా కూలీలు కదల్లేదు. భోజనాల వేళ డబ్బాలు అలవాటుగా దిమ్మె మీదే పెట్టుకున్నారు. ఎర్ర గీత చుట్టూ అందరూ జాగా వదిలారు. గీత లోపల ఒక్క డబ్బానే ఉంది.

ఇంజనీరు గన్ తీసి గీత లోపలొకసారి, బయటొకసారి చూసింది. అంకెలు చదవకుండానే జేబులో పెట్టేసుకుంది.

ఇసుక మోసే ఆవిడ మూత తీసింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. పక్కావిడ వైపు చూసింది. పక్కావిడా తన డబ్బాలోంచి తల ఎత్తింది.

ఆ రోజు అందరి అన్నమూ చల్లగానే ఉంది.