వంతెన మీద కొత్త గేజ్ రాడ్

"లైను మీద ఎక్కడా బాంబు లేదు. డాగ్ స్క్వాడ్ రెండుసార్లు వెతికింది," అన్నాడు చీఫ్. "కానీ శత్రు ముఠా పంపిన మెసేజ్ దొరికింది. 'కండె నిండింది.' మగ్గం మీది దారపు కండె నిండిందంటే, ఏర్పాటు పూర్తయినట్టు."

యుద్ధం మొదలై తొమ్మిదో రోజు. మెయిన్ లైన్ దెబ్బతినడంతో ట్యాంకుల స్పెషల్ రైలును జగిత్యాల, కోరుట్ల మీదుగా మళ్లించారు. అందులో నలభై మంది జవాన్లు. మూడున్నరకు కోరుట్ల చేరాలి.

"జగిత్యాల యార్డులోనే దాడి అని ప్రేమలత చెప్పింది," అన్నాడు చీఫ్.

ప్రేమలత సిరిసిల్లలో చీరల షోరూం నడిపే అందగత్తె. ముఠాలో మన ఇన్ఫార్మర్.

"అందరూ ఆమె చూపిన వైపే పోతున్నారు. నేను కోరుట్ల వైపు పోతాను," అంది ఏజెంట్ సంధ్యారాణి.

మూడుంబావుకు బీడీ ఆకు గంప నెత్తిన పెట్టుకుని కోరుట్ల ముందున్న వాగు వంతెన చేరింది. గ్యాంగ్ మేస్త్రీ బుచ్చన్న పట్టాల మధ్య మెరిసే ఇనుప రాడ్ పెట్టి ఎడం కొలుస్తున్నాడు. పక్కన గొడుగు కింద, రైల్వే ఆఫీసర్ కోటులో, గుప్పుమనే సెంటుతో ప్రేమలత!

"కాకా, రాడ్ కొత్తదా? పాతదేది?"

"నిన్ననే గీ మేడమ్ తెచ్చిచ్చింది. గా గుడిసె కాడ పాతదాని మీద తువ్వాలలు ఆరేసుకుంటున్నం. నీకెందుకు బిడ్డా?"

సంధ్యారాణి తల్లి బీడీలు చుట్టేది. కంపెనీవాళ్లు ఆకు కత్తిరించే రేకు అచ్చు కొత్తది ఇస్తే, ముందు పాత అచ్చు మీద పెట్టి చూసేది. అచ్చు కాస్త పెద్దదైనా ఇచ్చిన ఆకు చాలదు. సంధ్యారాణి గుడిసెకు పరుగెత్తి, తువ్వాలలు విసిరేసి, పాత రాడ్ తెచ్చి పక్కన పెట్టింది.

కొత్తది రెండు వేళ్లు పొడుగు.

"రైల్వే ముద్ర ఉండె గద!" బుచ్చన్న కొత్త రాడ్‌ను చేతికి తీసుకున్నాడు. "వంతెనంత దీనితోనే బిగించిన!"

"ట్యాంకుల బరువుకు పట్టాలు ఇంక విచ్చుకుంటయ్. రైలు వాగుల పడ్తది," అంది సంధ్యారాణి.

గుండీలో దాచిన రేడియో నొక్కింది. మోగలేదు.

"జామర్ నా బ్యాగుల ఉన్నది," ప్రేమలత పిస్టల్ తీసి నవ్వింది. "లొల్లి ఎందుకు? యుద్ధం యాడనో బార్డర్ల. మనకేంది?"

"నీది బోయినపల్లే గద. నీ ఊరి పోరగాండ్లు గా రైల్ల ఉన్నరు."

"ఉండనీ. నేను ఎక్కలే గద?"

"థూ!" సంధ్యారాణి ఆమె చెప్పుల మీద ఉమ్మింది. ప్రేమలత కిందికి చూసింది. అంతే, బుచ్చన్న చేతిలోని రాడ్ ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ వాగులోకి ఎగిరింది. ఆ దొంగ రాడ్ చేసిన మంచి పని అదొక్కటే.

"పటాసులు కాకా!"

పట్టా మీద బిగిస్తే చక్రం కింద పేలి డ్రైవర్‌ను హెచ్చరించేవి అవి. ప్రేమలతను బుచ్చన్నకు వదిలి, డబ్బా, ఎర్ర జెండా అందుకుని సంధ్యారాణి రైలుకు ఎదురు పరుగెత్తింది. మూడు బిగించి పక్కకు దూకిందో లేదో, ఇంజన్ మీదికి వచ్చేసింది.

ఢాం! ఢాం! ఢాం!

బ్రేకులు కీచుమన్నాయి. వంతెనకు పదడుగుల ముందు రైలు ఆగింది.

సాయంత్రం పోలీసులు ప్రేమలతను, రెండు రాడ్‌లను జీపెక్కించారు. బుచ్చన్న సంధ్యారాణి దగ్గరికొచ్చి గొణిగాడు.

"మేడమ్, గా పాతది ఇడిసిపెట్టరా?"

"సాక్ష్యం కాకా. ఎందుకు?"

"మరి తువ్వాలలు యాడ ఆరేసుకోవాలె?"